ఒంటరి విమానయానం, ఇంటివాళ్ల తొందర

సంపాదకులకు నమస్కారం.

మన ప్రాంతపు పిల్లలు పైలట్ శిక్షణకు వెళ్లి, చిన్న విమానంలో ఒంటరిగా దూర ప్రయాణం పూర్తి చేసిన వార్తలు ఈ మధ్య జిల్లా పేజీలలో ఫొటోతో సహా కనిపిస్తున్నాయి. సంతోషించవలసిన విషయమే. అయితే ఆ వార్తలు చాలావరకు ‘సాహసం’, ‘ఏకబిగిన’ అన్న మాటల చుట్టూనే తిరుగుతున్నాయి. ఆ మాటలు ఇళ్లలో ఎటువంటి తొందరను పుట్టిస్తాయో పోయిన వేసవిలో మా అమ్మాయి విషయంలో నాకు అనుభవమైంది కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

కమర్షియల్ పైలట్ లైసెన్సు కోరే విద్యార్థి మొత్తం 200 గంటలు విమానం నడపాలి. అందులో భాగంగా, పక్కన ఇన్‌స్ట్రక్టర్ లేకుండా, కనీసం 300 నాటికల్ మైళ్ల ప్రయాణం ఒకటి చేసి, దారిలో రెండు వేరు వేరు విమానాశ్రయాలలో దిగి మళ్లీ బయలుదేరాలి. 300 నాటికల్ మైళ్లంటే దాదాపు 555 కిలోమీటర్లు. తిరుపతి నుంచి హైదరాబాదుకు రోడ్డు దూరం ఇంచుమించు అంతే. మా అమ్మాయి శిక్షణ ఉత్తరాదిలో. ఆ రోజు మధ్యాహ్నానికల్లా పని ముగుస్తుందని నేను బంధువులందరికీ చెప్పేశాను. వాళ్ల మేనమామ స్వీట్లు కూడా తెచ్చాడు. మధ్యాహ్నం రెండు దాటినా కబురు రాకపోయేసరికి ‘అందరం ఎదురుచూస్తున్నాం, బయలుదేరావా’ అని వరుసగా మెసేజీలు పెట్టాను. రెండో విమానాశ్రయంలో దిగిన అమ్మాయి ఆ పూట అక్కడే ఆగిపోయింది. వచ్చినవాళ్ల ముందు నాకు చిన్నతనమనిపించిందని ఒప్పుకుంటున్నాను.

ఎందుకు ఆగిందో తర్వాత కాగితం మీద లెక్క వేసి చూపించింది. ఆమె నడిపే నాలుగు సీట్ల సెస్నా 172 గంటకు సుమారు 200 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది, గంటకు ముప్పై లీటర్లకు పైగా పెట్రోలు తాగుతుంది. ట్యాంకులలో దాదాపు 200 లీటర్లు పడతాయి కాబట్టి ఇంధనానికి కొదవ లేదు. కొదవ వచ్చింది వెలుతురుకూ వాతావరణానికీ. మిగిలిన దూరం 240 కిలోమీటర్లు. గాలి లేకపోతే గంటా పన్నెండు నిమిషాలు పట్టేది. గంటకు 40 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే అదే దూరానికి గంటన్నర పడుతుంది. నేలను చూసుకుంటూ నడపవలసిన విద్యార్థి మబ్బులోకి వెళ్లకూడదు, చుట్టూ తిరిగి పోవాలి. అక్కడ ఇంకొంత సమయం పోతుంది. గమ్యం చేరేసరికి ట్యాంకులో కనీసం అరగంటకు సరిపడా ఇంధనం ముట్టకుండా మిగలాలి. మే నెలలో పొద్దున తేటగా ఉన్న శేషాచలం మీద సాయంత్రమయ్యేసరికి ఉరుముల మబ్బు ఎలా కమ్ముకుంటుందో తిరుపతివాళ్లకు నేను చెప్పనక్కరలేదు. అటువంటి మబ్బే ఆమె దారికి అడ్డంగా లేస్తున్నది.

ఆగాలని ఆమె అప్పటికే తేల్చుకుందట. “నీ మెసేజీలు చూశాక మాత్రం, పోతే పోదామా అని పది నిమిషాలు ఊగిసలాడాను నాన్నా” అన్నది. ఆ పది నిమిషాలు నా వల్ల వచ్చినవి. చదివిన కొద్దీ తెలిసిందేమంటే, ఎలాగైనా చేరిపోవాలన్న ఈ పంతం చిన్న విమానాల ప్రమాదాలకు ఎప్పటి నుంచో ఉన్న కారణాలలో ఒకటి. పైలట్లకు దాని గురించి ప్రత్యేకంగా పాఠం చెబుతారు. ఇంటివాళ్లకు చెప్పేవారు లేరు.

1930లో ఆగాఖాన్ బహుమతి కోసం ఇండియాకూ ఇంగ్లండుకూ మధ్య ఒంటరిగా ఎగిరిన పోటీలో, ఈజిప్టులోని అబూకిర్ వద్ద స్పార్క్ ప్లగ్ లేక నిలిచిపోయిన ఆస్పీ ఇంజనీర్ (ఇంజనీర్ అన్నది ఇంటిపేరు) అనే పోటీదారుకు, అదే పోటీలో ఉన్న జేఆర్‌డీ టాటా తన దగ్గరున్నది ఇచ్చారు. బహుమతి ఆస్పీకే దక్కింది. పందెంలో ఉన్న మనిషే అంత నిదానంగా ఉండగలిగితే, పందెమే లేని చోట నాకెందుకు అంత ఆత్రం అని ఇప్పుడు అనిపిస్తుంది. రెండేళ్ల తర్వాత, 1932 అక్టోబరు 15న, కరాచీ నుంచి బొంబాయికి తపాలా సంచులతో ఒంటరిగా విమానం నడిపి మన దేశపు విమాన సర్వీసులకు నాంది పలికినది ఆ టాటాయే.

అందువల్ల మీ పత్రికకు ఒక మనవి. విద్యార్థి పైలట్ల ఒంటరి ప్రయాణాల గురించి, ‘రేపు బయలుదేరుతున్నారు’ అని ముందుగా ప్రకటించకండి, పూర్తయ్యాక రాయండి. రాసేటప్పుడు ఎన్ని గంటలలో చేరారన్న దానితో పాటు దారిలో ఎక్కడ ఆగారో, ఎందుకు ఆగారో కూడా అడిగి రాయండి. భూమి అమ్మి, అప్పు చేసి పిల్లలను ఈ చదువుకు పంపుతున్న తల్లిదండ్రులు మన జిల్లాలలో ఉన్నారు. ఫ్లయింగ్ స్కూళ్లు చేర్చుకునే రోజునే వారిని కూర్చోబెట్టి, ఒంటరి ప్రయాణం రోజున ఫోను చేయవద్దని, ముగిసిన తర్వాత పిల్లలే చేస్తారని, ఒక రోజు ఆలస్యమైతే కంగారు పడవద్దని చెబితే బాగుంటుంది. మా అమ్మాయి మరుసటి రోజు ఉదయం ఏడు గంటలకు బయలుదేరి మిగిలిన దూరం పూర్తి చేసింది.

ఇట్లు,
ఒక విద్యార్థి పైలట్ తండ్రి,
బైరాగిపట్టెడ, తిరుపతి.