సిమ్యులేటర్ గంటలు, వర్క్‌షాప్ గంటలు ఒకటి కావు

సంపాదకుడికి,

వృత్తి శిక్షణలో సిమ్యులేటర్ల (అసలు పనిని తెర మీద అనుకరించే యంత్రాల) వాడకంపై చర్చ వచ్చినప్పుడల్లా, పైలట్లే వాటి మీద నేర్చుకుంటున్నప్పుడు వెల్డర్లకు అభ్యంతరమేమిటని అడుగుతున్నారు. వెల్డింగ్ నేర్పుతూ ఉద్యోగ జీవితం గడిపిన నాకు ఆ పోలిక సగంలోనే ఆగినట్టు తోస్తుంది.

ఎడ్విన్ లింక్ పైలట్ల కోసం తన శిక్షణ యంత్రాన్ని, అంటే తొలితరం విమాన సిమ్యులేటర్‌ను, రూపొందించింది 1929లో. ఇంతకాలం తరువాత కూడా, అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణాల ప్రకారం కమర్షియల్ పైలట్ లైసెన్సుకు కావలసిన 200 గంటల్లో, ఆమోదిత కోర్సు అయితే 150 గంటల్లో, సిమ్యులేటర్‌వి 10 గంటలకు మించి లెక్కకు రావు. పూర్తిగా సిమ్యులేటర్ మీదే కొత్త రకం విమానానికి మారే వీలు అప్పటికే తగినంత ఎగిరిన అనుభవం ఉన్నవారికే ఉంటుంది. మన శిక్షణార్థులు కొత్తవారు.

నేను ఆ యంత్రాలకు వ్యతిరేకిని కాను. రాడ్డు పట్టే కోణం, చేయి కదిలే వేగం, ఆర్క్ (రాడ్డు కొసకూ పలకకూ మధ్య వెలిగే విద్యుత్ మెరుపు) పొడవు అవి కొలిచి చూపినంత కచ్చితంగా, ఇరవై మంది మధ్య తిరిగే శిక్షకుడు చూపలేడు. రాడ్లు, పలకలు వృథా కావు, మొదటి రోజుల భయమూ తగ్గుతుంది.

అయితే తెర మీద పలక ఎప్పుడూ శుభ్రంగా, సరైన సందుతోనే వస్తుంది. నిజమైన పలకకు తుప్పు, నూనె ఉంటాయి; దాన్ని గ్రైండ్ చేసి, సందు కుదిర్చి, టాక్ (తాత్కాలికంగా పట్టి ఉంచే చిన్న అతుకు) వేసి నిలపడమే సగం పని. వేడికి అది వంగుతుంది, సందు మూసుకుపోతుంది. రాడ్డు పూత తేమ పీల్చుకుంటే అతుకులో గాలి రంధ్రాలు పడతాయి. పలకకు కరెంటు తీగను బిగించే ఎర్త్ క్లాంపు వదులైతే ఆర్క్ నిలవదు. తలపైన అతుకు వేస్తుండగా నిప్పురవ్వ కాలరులో పడినా చేయి కదలకుండా ఉండటం ఏ తెరా నేర్పలేదు. (అతుకు మీద పెంకులా గట్టిపడే స్లాగ్‌ను కొట్టి కింద ఏముందో చూసే క్షణం పెట్టే భయం కూడా చదువులో భాగమేనని నా నమ్మకం.) ఇక చెడిన అతుకును తొలిచి మళ్లీ వేయడం వెల్డరుకు నిత్యం ఎదురయ్యే పని, సిమ్యులేటర్‌లోనైతే మీట నొక్కితే కొత్త పలక వస్తుంది.

వర్క్‌షాప్ గంటలు కోసి, ఆ స్థానంలో తెర ముందు గంటలు చూపడం ఖర్చు తగ్గించుకోవడానికే తప్ప శిక్షణను మెరుగుపరచడానికి కాదు. ప్రమాణపత్రంలో ఈ రెండు రకాల గంటలనూ విడివిడిగా రాయాలి. సిమ్యులేటర్ గంటలకు పైలట్ల విషయంలో ఉన్నట్టే గరిష్ఠ పరిమితి విధించాలి. చివరి పరీక్ష మాత్రం నిజమైన ఇనుము మీదే జరగాలి: అభ్యర్థి వేసిన అతుకును ముక్కలుగా కోసి, వంచి, పగులు చూసి నిర్ణయించాలి. సిమ్యులేటర్ వల్ల ఆదా అయ్యే రాడ్లనూ పలకలనూ ఆ పరీక్షకు ముందు సాధన కోసం శిక్షణార్థులకే ఇవ్వాలి.

భవదీయుడు,
ఒక విశ్రాంత వెల్డింగ్ శిక్షకుడు