రెండు నిమిషాలు చూసి 'స్పృహ లేదు' అని రాయకండి

ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

బైక్ యాక్సిడెంట్‌లో మా తమ్ముడి తలకు దెబ్బ తగిలింది. నెల దాటాక రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు గారు రెండు నిమిషాలు చూసి, స్పృహ లేదని రాసి వెళ్లిపోయారు. కానీ అమ్మ అద్దం పట్టుకుంటే వాడి చూపు దాని వెంటే కదిలేది. చెబితే, మా భ్రమ అన్నారు.

భ్రమ కాదండి. చూపు కదలికను అద్దంతోనే చూడాలని, రోగికి స్పృహ ఉందో లేదో తేల్చే కోమా రికవరీ స్కేల్-రివైజ్డ్ అనే పరీక్ష చెబుతోంది. అది 2004లోనే వచ్చింది. 2009లో బెల్జియం పరిశోధకులు దాంతో పరీక్షిస్తే, స్పృహ లేదని డాక్టర్లు తేల్చిన 44 మందిలో 18 మందికి ఎంతో కొంత స్పృహ ఉందని తేలింది. 44లో 18! ప్రతి ఒక్కరి పక్కనా మా అమ్మలాంటి మనిషి కూర్చునే ఉంటుంది కదా.

కళ్లు తెరవడం, మాట, కదలిక చూసి స్పృహకు స్కోరు వేసే గ్లాస్గో స్కేల్ ఎమర్జెన్సీలో అవసరమే. కానీ గొంతులో ట్యూబ్ ఉన్న మనిషి మాటకు ఏం స్కోరు వేస్తారు? మత్తు మందుల ప్రభావం లేనప్పుడు, రోగి సొంత భాషలో పిలిచి, వేర్వేరు రోజుల్లో కనీసం ఐదుసార్లు కోమా రికవరీ స్కేల్‌తో చూడాలి.

ప్రభుత్వ ఆసుపత్రుల నర్సులకు, ఫిజియోథెరపిస్టులకు ఈ పరీక్షలో శిక్షణ ఇప్పించండి. ఇంటివాళ్లు గమనించింది కేస్ షీట్‌లో రాయించండి.

ఇట్లు,
ఒక అక్క