సంక్రాంతికి నాలుగు దారాల పతంగులు ఇవ్వలేకపోతున్నాను

హన్మకొండలో నా టైలరింగ్ షాపుకు వచ్చి నాలుగు దారాల పతంగికి అడ్వాన్సు కట్టిన 18 మందికి ఈ మాట నేనే చెప్పాలి. సంక్రాంతికి మీ పతంగులు అందవు. కుట్టుపని మొత్తం అయిపోయింది. రాడ్ల దగ్గర మోసపోయాను.

ఈ పతంగి సంగతి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. రెండు చేతుల్లో రెండు పిడులుంటాయి. ఒక్కో పిడికి పైన ఒక దారం, కింద ఒక దారం. పై దారాలు లాగితే ముందుకు పోతుంది, కింది దారాలు లాగితే వెనక్కి నడుస్తుంది, రెండూ సరితూగితే గాల్లో ఒకేచోట నిలబడుతుంది. 1980ల చివర్లో అమెరికాలోని శాన్ డియేగోలో హాడ్జికీ అన్నదమ్ములు తెచ్చిన పద్ధతి ఇది. అది చూసి నేర్చుకుని నాలుగేళ్లుగా సొంతంగా కుడుతున్నాను. ఏడున్నర అడుగుల పైఅంచు గట్టిగా నిలిస్తేనే పతంగి వెనక్కి నడుస్తుంది. అందుకే పైఅంచులో మూడు, నిలువుగా రెండు కార్బన్ రాడ్లు వేస్తాను.

ఎప్పుడూ తెప్పించుకునే హైదరాబాద్ వ్యాపారి దగ్గరే ఈసారి కూడా కొన్నాను. మొదటి పతంగి పట్టుకుని ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు పోయాను. పైకి బాగానే లేచింది. కింది దారాలు లాగానో లేదో పైఅంచు విల్లులా వంగింది, గుడ్డ టపటపా కొట్టుకుంది, పతంగి పక్కకు ఒరిగి పడిపోయింది. మూడుసార్లూ అంతే. పతంగికి దారాలు తగిలించే సూత్రం నేనే తప్పు కట్టానేమోనని విప్పి మళ్లీ కట్టాను. నాలుగు దారాలూ ఒకే మేకుకు తగిలించి లాగి చూశాను, వెంట్రుకంత తేడా లేదు.

ఇంటికొచ్చి రాడ్ చివర బ్లేడుతో గీకితే నల్లరంగు పొడిలా రాలింది. లోపల తెల్లటి ఫైబర్‌గ్లాస్. అప్పటికీ నమ్మలేక, పక్క షాపు ఎలక్ట్రీషియన్ తమ్ముడి మీటర్ అడిగి తెచ్చాను. కార్బన్‌లో కరెంటు పారుతుంది. పాత రాడ్ రెండు కొసలకూ వైర్లు ఆనిస్తే మీటర్ బీప్ అన్నది. కొత్తగా వచ్చిన 90 రాడ్లలో ఒక్కటీ పలకలేదు.

ఆ వ్యాపారికి ఫోన్ చేస్తే ఆయన, "ఎగురుతుంది కదమ్మా, పిల్లలాడుకునే పతంగికి అంత అవసరమా?" అన్నాడు. డబ్బు వాపసు ఇవ్వనన్నదానికంటే ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఒక్కో పతంగికి మూడు రోజులు మెషిన్ ముందు కూర్చుంటాను. పైఅంచు మీద ఒక్క కుట్టు వంకరపోయినా మొత్తం విప్పేస్తాను. ఆ పనికి ఆయన పెట్టిన పేరు అది.

మూడు రాత్రులు నిద్రపట్టలేదు. ఆ రాడ్లే వేసి ఇచ్చేస్తే పండగకు అందేవి. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎలాగూ ముందుకే ఎగరేస్తారు, నిలవకపోతే తమకే చేతకాలేదనుకుంటారు. ఆ మాట తట్టినప్పుడే నాకు భయమేసింది. నా పతంగి తప్పును మీరు మీ చేతుల మీద వేసుకోవడమా? వెదురుతో కూడా ప్రయత్నించాను. మేదరి అన్న పాపం ఎంతో ఓపికగా చీల్చి, చెక్కి ఇచ్చాడు. మామూలు పతంగికి దాన్ని మించింది లేదు. కానీ ఇంత పొడవులో ఒక పక్క కణుపు కాస్త బరువైనా చాలు, పతంగి అటే తిరుగుతోంది. చివరికి 90 రాడ్లూ కట్టకట్టి అటక మీద పడేశాను.

వేరే చోట కార్బన్ రాడ్లు ఆర్డర్ పెట్టాను. ఫిబ్రవరి నెలాఖరుకు మీ పతంగులు మీ చేతిలో ఉంటాయి. ధర పెంచను. ప్రతి రాడ్‌నూ మీటర్ పెట్టి మీ ముందే చూపిస్తాను. పాత వ్యాపారి ఇప్పుడు ఉచితంగా పంపినా తీసుకోను, అవసరమైతే ఈ పతంగులే మానేస్తాను. కరెంటు పారుతుందన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి: తీగలున్నచోట వీటిని ఎగరేయొద్దు.

పండగ పోయిందని మీకు కోపం రావడం న్యాయమే. ఈ పతంగికి అసలైన గాలి మాత్రం ఆషాఢంలోనే, అప్పుడు గ్రౌండ్‌కు వస్తే పక్కన నిలబడి నేర్పిస్తాను. ఆగలేనివాళ్లు షాపుకు రండి, అడ్వాన్సు మొత్తం ఆ నిమిషమే ఇచ్చేస్తాను. చీటీ పోయినా ఫర్వాలేదు, మీ పేర్లన్నీ నా కొలతల పుస్తకంలో రాసే ఉన్నాయి.