రిపోర్టులో ‘పాజిటివ్’ పక్కన ఒక తెలుగు ముక్క రాయండి

సంపాదకులకు నమస్కారం.

హనుమకొండలో ఒక చిన్న ల్యాబ్‌లో 22 ఏళ్లుగా టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. వానలు మొదలైతే మాకు జ్వరాల సీజన్. పోయిన వారం నర్సంపేట వైపు నుంచి ఒక అవ్వ మనవణ్ని తీసుకొచ్చింది. డెంగీ పాజిటివ్. రిపోర్టులోని మాటను పక్కనున్న పిల్లగాడు చదివి చెప్పగానే అవ్వ మొహం వెలిగిపోయింది. “మంచిగనే వచ్చింది గదా బిడ్డా, ఇగ ఇంటికి తోల్కపోత” అన్నది. నేను ఆపకపోతే డాక్టర్‌కు చూపించకుండానే బస్సెక్కేది.

అవ్వ తప్పేం లేదు. టీవీ పెడితే చాలు, ‘పాజిటివ్‌గా ఆలోచించండి’ అంటారు. మా పనిలో ఆ మాటకు మంచీ చెడూ లేదు. వెతికింది కనిపించిందని మాత్రమే అర్థం. పెళ్లయిన ఆరేళ్లకు నెల తప్పిన అమ్మాయికి అదే మాట పండుగ.

రక్తం గ్రూపుతో ఇంకో తిప్పలు. కరోనా రోజుల్లో ఒక యువకుడు ‘బి పాజిటివ్’ చూసి చెమటలు పట్టి కూలబడ్డాడు. అక్కడ పాజిటివ్ అంటే రోగం కాదు, ఎర్ర కణాల మీద ఆర్‌హెచ్ అనే పదార్థం ఉందని. మన దేశంలో నూటికి తొంభై మందికి పైగా ఉండేది అదే.

నాకు ఎక్కువ భయం మాత్రం ‘నెగెటివ్’తోనే. గ్రూపు నెగెటివ్ ఉన్న తల్లికి పాజిటివ్ బిడ్డ పుడితే, కాన్పయిన 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ వేయించాలి. లేకపోతే తర్వాతి కాన్పులో బిడ్డకు ప్రమాదం. ‘నెగెటివ్ అంటే ఏం లేనట్టే గదా’ అని ఆ కాగితం పారేసినవాళ్లను నేను చూశాను. డెంగీలోనూ అంతే. ఎన్‌ఎస్‌1 పరీక్ష జ్వరం మొదలైన తొలి రోజుల్లోనే బాగా పట్టిస్తుంది. ఆలస్యంగా వచ్చి చేయించుకుంటే, లోపల డెంగీ ఉన్నా నెగెటివ్ రావచ్చు.

ల్యాబ్‌లవాళ్లందరికీ నా విన్నపం. ఇంగ్లిష్ మాటను తీసేయమనను, అది డాక్టర్లకు కావాలి. దాని కిందనే ‘డెంగీ ఆనవాలు కనిపించింది, వెంటనే డాక్టర్‌ను కలవండి’, ‘ఇది మీ రక్తం గ్రూపు, రోగం కాదు’ అని తెలుగులో ఒక్క ముక్క అచ్చు వేయండి. మా ల్యాబ్‌లో రబ్బరు స్టాంపు చేయించాం, రెండు రోజుల్లో పనైపోయింది. మీ పత్రిక కూడా ‘పాజిటివ్ వచ్చింది’ అనే బదులు ‘డెంగీ సోకినట్టు తేలింది’ అని రాస్తే ఊళ్లలో చదివేవాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది.

– ఒక ల్యాబ్ టెక్నీషియన్, హనుమకొండ