జీతం 21,000 దాటినవాళ్లకు: ఈఎస్ఐ, కంపెనీ పాలసీ

అందరికీ నమస్కారం. జులైలో జీతం పెరిగి 21,000 దాటినవాళ్లు ఇది తప్పకుండా చదవండి.

ఈఎస్ఐ అంటే నెల జీతం 21,000 దాకా ఉన్న కార్మికులకు వైద్యం ఇచ్చే ప్రభుత్వ బీమా. కానీ జీతం దాటగానే అది పోదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా చందా కట్టే కాలం ఒకటే. అందుకే సెప్టెంబర్ 30 వరకు జీతంలో 0.75 శాతం ఈఎస్ఐ చందాగా కోత పడుతుంది. పే స్లిప్‌లో అది చూసి టెన్షన్ పడొద్దు, మనకే మంచిది. ఆ ఆరు నెలల్లో 78 రోజుల చందా ఉంటే వచ్చే జూన్ 30 వరకు ఈఎస్ఐ వైద్యం అందుతుంది.

అక్టోబర్ 1 నుంచి కంపెనీ గ్రూప్ ఆరోగ్య బీమా పాలసీలోకి వస్తాం. అందులో ఇంట్లోవాళ్ల పేర్లు మనమే రాయించాలి. నిరుడు మన షిఫ్ట్‌లో ఒక అన్న పాప పేరు రాయించడం మర్చిపోయాడు. డెంగీతో అడ్మిట్ చేస్తే కౌంటర్‌లో కార్డు వెనక్కి ఇచ్చేశారు. రాత్రి పదకొండింటికి మనమంతా తలా కొంత పంపాం, గుర్తుందిగా? మళ్లీ ఎవరికీ ఆ పరిస్థితి రాకూడదు.

ఈ ఆదివారం ఉదయం 10కి క్యాంటీన్‌లో ఫారాలు నింపుదాం. ఇంట్లో అందరి ఆధార్ జిరాక్సులు, జులై పే స్లిప్ తెచ్చుకోండి.

21,000 లోపువాళ్లకు ఒక మాట: జబ్బు చేస్తే ఈఎస్ఐ ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం జీతం ఇస్తుంది. అవే రోజులకు కంపెనీ జీతంతో సెలవు తీసుకుంటే ఆ డబ్బు రాదు.

వచ్చేవాళ్లు కింద పేరు పెట్టండి. నైట్ షిఫ్ట్ వాళ్లకు ఫోన్ చేసి చెప్పండి.