ముందు కాళ్లు, తర్వాతే షాట్

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. బాస్కెట్‌బాల్ మొదలుపెడుతున్నానని రాశావు చూడు, ఆ వాక్యం దగ్గరే రెండుసార్లు ఆగాను, అంత సంతోషం వేసింది. ఈ వయసులో వస్తుందా అని నీకు అనుమానం. నిక్షేపంగా వస్తుంది. పొట్టివాణ్ణి కదా అని ఇంకో అనుమానం. మగ్సీ బోగ్స్ అని ఒకాయన ఉండేవాడు, ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. ఆ ఎత్తుతోనే అమెరికాలోని పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 14 సీజన్లు ఆడాడు. ఏడడుగుల వాళ్ల మధ్య దూరిపోయి, వాళ్లు డ్రిబుల్ చేస్తుంటే, అంటే బంతిని నేలకి కొడుతూ వెళ్తుంటే, కిందనుంచి బంతి లాక్కుపోయేవాడు. కాబట్టి ఇక ఎత్తు మాట ఎత్తకు.

షాట్ ఎలా వేయాలో ముందు చెప్పమన్నావు. చెప్తాను, కానీ ముందు మాత్రం కాదు. కొత్తగా వచ్చిన ప్రతివాడూ నేరుగా రింగు కిందికెళ్లి బంతి విసరడం మొదలుపెడతాడు. నెల తిరిగేసరికి ఖాళీ కోర్టులో పది వేస్తే ఐదు పడతాయి. అదే మనిషి ఆటలోకి దిగితే ఒక్కటీ పడదు. ఎందుకంటే పరిగెత్తుకొచ్చి ఎలా ఆగాలో వాడికి తెలియదు. ఒళ్లు ఒక పక్కకి తూలుతుంటే చెయ్యి ఎంత సాధన చేసి ఏం లాభం? నా మాట విని మొదటి రెండు వారాలూ కాళ్లకివ్వు.

ఈ ఆట పుట్టుకలోనే ఆ సంగతి ఉంది. 1891 డిసెంబరులో, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు చలికాలంలో నాలుగు గోడల మధ్య ఆడుకునే ఆట ఒకటి తయారుచేయాల్సి వచ్చింది. గట్టి నేల మీద కుర్రాళ్లు ఒకరినొకరు పడేసుకుంటే ఎముకలు విరుగుతాయి. అసలు ఎందుకు పడేస్తారని ఆలోచించాడు. బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ణి ఆపడానికే కదా! అందుకని బంతి చేతిలో ఉంటే పరిగెత్తకూడదని రాసేశాడు. పీచ్ పళ్ల బుట్టలు బాల్కనీ అంచుకి మేకులతో కొట్టించాడు. ఆ అంచు 10 అడుగుల ఎత్తులో ఉంది, ఈరోజుకీ రింగు ఎత్తు అదే. ఆయన రాసిన 13 నియమాల్లో డ్రిబుల్ ఊసే లేదు తెలుసా? అది తర్వాత ఆటగాళ్లు కనిపెట్టుకున్నది. మొదట్లో ఉన్నదల్లా అందుకోవడం, ఆగడం, అందించడం.

ఆగడానికి రెండు పద్ధతులు. చిన్నగా గెంతి రెండు పాదాలూ ఒకేసారి నేలకి ఆనించడం ఒకటి, దీన్ని జంప్ స్టాప్ అంటారు. ఒక పాదం తర్వాత ఇంకోటి వేయడం రెండోది. ఏ పద్ధతిలో ఆగినా మోకాళ్లు వంగి ఉండాలి, కుర్చీలో కూర్చోబోతూ మధ్యలో ఆగిపోయినట్టు. బరువు మడమల మీద కాకుండా పాదాల ముందు భాగం మీద ఉండాలి. ఆగాక ఒక పాదం నేలకి అతుక్కుపోవాలి, అది పివట్ కాలు. రెండో కాలితో ఎటు కావాలంటే అటు, ఎన్నిసార్లయినా తిరుగు, ఎవరూ ఏమనరు. జంప్ స్టాప్ చేస్తే ఏ కాలు పివట్ చేసుకోవాలో నీ ఇష్టం, ఒకదాని తర్వాత ఒకటి వేస్తే ముందు ఆనిన కాలే పివట్. అది కదిలి జరిగితే ట్రావెలింగ్, బంతి అవతలివాళ్లకి పోతుంది. ఇంకో చిన్న సంగతి కొత్తవాళ్లని బాగా ఇబ్బంది పెడుతుంది. ఆగినచోటు నుంచి డ్రిబుల్ మొదలుపెట్టాలంటే పివట్ కాలు లేవకముందే బంతి చేతిలోంచి వెళ్లిపోవాలి. షాట్‌కీ పాస్‌కీ అయితే కాలు లేవచ్చు, మళ్లీ నేలకి తాకేలోపు బంతి వదిలేస్తే చాలు.

బంతి లేకుండానే ఇది సాధన చెయ్యి. నాలుగడుగులు పరిగెత్తు, ఆగు, తిరుగు, మళ్లీ పరిగెత్తు. విసుగొస్తుంది, తెలుసు. అయినా చెయ్యి.

ఇక డ్రిబుల్. అరచేత్తో కొట్టకు, వేళ్లతో నేలకి నెట్టు. బంతి నడుము దాటి పైకి రాకూడదు, చూపు బంతి మీదకి పోకూడదు. తల దించుకున్నవాడికి ఖాళీగా ఉన్న తోటి ఆటగాడు ఎలా కనిపిస్తాడు చెప్పు? దీనికి మంచి ఉపాయం ఉంది. ఎదురుగా ఎవరినైనా నిలబెట్టి వేళ్లు చూపించమను, డ్రిబుల్ ఆపకుండా ఎన్ని వేళ్లో చెప్తూ ఉండు. ఎడమచేతికి కుడిచేతి కంటే ఎక్కువ సమయం ఇవ్వు. నీకు ఒక్క చెయ్యే వచ్చని కనిపెట్టడానికి అవతలివాడికి రెండు నిమిషాలు చాలు, ఆ తర్వాత ఆ వైపు దారే ఇవ్వడు. బంతికీ వాడికీ మధ్య నీ ఒళ్లు అడ్డం ఉంచు. ఒకసారి డ్రిబుల్ ఆపి బంతి పట్టుకున్నాక మళ్లీ మొదలుపెట్టకూడదు, అది డబుల్ డ్రిబుల్. కాబట్టి ఏం చేయాలో తేలకముందే బంతి చేతుల్లోకి తీసుకోకు. కొత్తవాళ్లు ఊరికే పట్టేసుకుని, చుట్టూ ముగ్గురు మూగాక దిక్కులు చూస్తారు.

పాస్‌లో పెద్ద రహస్యం లేదు. ఛాతీ దగ్గర నుంచి రెండు చేతులతో తోసెయ్యి, చివరికి బొటనవేళ్లు నేలవైపు తిరగాలి. ఎదురుగా చేతులు చాచి ఎవరైనా ఉంటే నేలమీద ఒక దెబ్బ కొట్టి పంపు. ఆ దెబ్బ అందుకునేవాడికి దగ్గరగా, మూడింట రెండు వంతుల దూరం దాటాక పడాలి.

సరే, నువ్వడిగిన షాట్‌కి వచ్చాను. మొదట నేర్చుకోవాల్సింది లేఅప్, అంటే అడుగులేస్తూ వచ్చి రింగు దగ్గర్నుంచి వేసే షాట్. కుడిచేత్తో వేసేటప్పుడు కుడికాలు, ఎడమకాలు, ఎడమకాలి మీదనుంచి పైకి లేవడం, అంతే. రింగు వెనక బోర్డు మీద గీసిన చిన్న దీర్ఘచతురస్రం ఉంది చూడు, దాని పైమూలకి బంతిని మెల్లగా తాకించు. ముందు డ్రిబుల్ లేకుండా ఒక్క అడుగుతో చెయ్యి, తర్వాత రెండడుగులు, ఆ తర్వాతే పరుగు.

నిలబడి వేసే షాట్‌కి పాదాలు భుజాల వెడల్పున, వేసే చేతివైపు పాదం కాస్త ముందుకి. బంతి వేళ్ల మీద ఉండాలి, మోచెయ్యి బంతి కిందకి రావాలి. రెండో చెయ్యి పక్కన ఊరికే ఆనించి ఉంచడానికే, తోయడానికి కాదు. బలం మోకాళ్ల నుంచి రావాలి. వదిలాక మణికట్టు ముందుకి వంగి అలాగే ఉండిపోవాలి. అప్పుడు బంతి వెనక్కి తిరుగుతూ వెళ్తుంది. అలా తిరిగే బంతి రింగుకో బోర్డుకో తగిలినా వేగం తగ్గి లోపలికే పడే అవకాశం ఎక్కువ.

అన్నిటికంటే ముఖ్యం బంతిని ఎత్తుగా పంపడం. ఇది లెక్క వేసి చూస్తే నాకు భలే నచ్చింది, నువ్వూ చూడు. రింగు వ్యాసం 45 సెంటీమీటర్లు, బంతి వ్యాసం దాదాపు 24. నేరుగా పైనుంచి దిగే బంతికి మొత్తం 45 సెంటీమీటర్ల దారి ఉంది. 45 డిగ్రీల వాలులో వస్తే ఆ దారి 32కి తగ్గిపోతుంది. 30 డిగ్రీలకి చదునుగా వస్తే 22న్నరే మిగులుతుంది. అంటే బంతి కంటే దారే ఇరుకు! ఎంత గురిగా విసిరినా రింగుకి తగలకుండా లోపలికి దిగదు. అందుకే రింగు మీదకి విసురుతున్నాననుకోకు, రింగు పైనుంచి దింపుతున్నాననుకో. రెండడుగుల దూరంలో మొదలుపెట్టి, అక్కడ ధారాళంగా పడుతున్నాకే ఒకడుగు వెనక్కి జరుగు. మూడు పాయింట్ల గీత అంతర్జాతీయ కోర్టుల్లో రింగుకి 6.75 మీటర్ల దూరంలో ఉంటుంది, దాని జోలికి ఇప్పుడే పోకు. బలం చాలక భుజంతో విసరడం అలవాటైతే మాన్పించడం చాలా కష్టం.

ఇంకో లెక్క చెప్తాను. ఆట 40 నిమిషాలు, కోర్టులో పదిమంది, బంతి ఒక్కటే. సమానంగా పంచుకున్నా నీ వాటా 4 నిమిషాలు. మిగతా 36 నిమిషాల్లో ఏం చేస్తావన్న దాన్ని బట్టే నిన్ను మళ్లీ ఆటకి పిలుస్తారు. పాస్ ఇచ్చి బొమ్మలా నిలబడకు, ఇచ్చిన వెంటనే రింగువైపు దూసుకెళ్లు, చాలాసార్లు బంతి తిరిగి నీకే వస్తుంది. బంతి ఉన్నవాడి దగ్గరకి పరిగెత్తకు, నీ వెంట నిన్ను కాసేవాడూ వచ్చి అక్కడ ఇరుకు చేస్తాడు. నాలుగైదు మీటర్ల ఎడం ఉంచు.

కాపు కాసేటప్పుడు ఎదుటివాడి కళ్లూ బంతీ చూస్తే మోసపోతావు, నడుము చూడు. నడుము ఎటు వెళ్తే మనిషి అటే వెళ్లాలి. కాళ్లు ఒకదానిమీద ఒకటి దాటించకుండా పక్కకి జరుగుతూ, ఎప్పుడూ వాడికీ రింగుకీ మధ్య ఉండు. బంతి మీదకి చెయ్యి విసిరితే ఫౌల్ అవుతుంది, అంతర్జాతీయ నియమాల ప్రకారం ఐదు ఫౌళ్లకి ఆట నుంచి బయటకి. షాట్ పైకి లేవగానే బంతి కేసి చూస్తూ నిలబడిపోకు. ముందు నీ మనిషిని వీపుతో అడ్డుకో, తర్వాత బంతికి ఎగురు. పొడుగువాళ్ల చేతిలోంచి రీబౌండ్లు, అంటే లోపల పడక తిరిగొచ్చే బంతులు, నీకు దక్కేది ఇలాగే.

మిగతా నియమాలు ఆడుతుంటే వాటంతటవే తెలుస్తాయి. రింగు ముందు రంగు వేసిన చోట, మీవాళ్ల దగ్గర బంతి ఉండగా మూడు సెకన్లకి మించి ఉండకూడదు. బంతి దొరికిన 8 సెకన్లలో సగం గీత దాటాలి, 24 సెకన్లలో షాట్ వేయాలి. ఈ 24కి ఒక కథ ఉంది. 1950 నవంబరులో ఎన్‌బీఏలో ఫోర్ట్ వేన్ జట్టు లేకర్స్ జట్టు మీద 19-18తో గెలిచింది, అదే ఆట మొత్తం స్కోరు! బంతి దాచుకుంటూ కూర్చుంటే చూసేవాళ్లెవరు? డానీ బయసోన్ అనే జట్టు యజమాని, చూడబుద్ధేసే ఆటలో రెండు జట్లూ కలిపి 120 షాట్లు వేస్తాయని, ఎన్‌బీఏ ఆట నిడివి 48 నిమిషాల్ని, అంటే 2880 సెకన్లని, 120తో భాగించాడు. 1954 నుంచి ఎన్‌బీఏలో అదే నియమం.

మొదట్లో ఐదుగురి జట్టులోకి వెళ్లకు, సగం కోర్టులో ముగ్గురు ముగ్గురు ఆడండి. టోక్యో ఒలింపిక్స్ నుంచి దానికీ పతకాలున్నాయి. మనుషులు తక్కువ కాబట్టి బంతి నీ చేతికి ఎక్కువసార్లు వస్తుంది, దాక్కోవడానికి చోటుండదు.

గోళ్లు కత్తిరించుకో, ఉంగరం తీసెయ్యి. పట్టు బాగా ఉన్న బూట్లు వేసుకో. ఎగిరినప్పుడు రెండు కాళ్ల మీదా దిగు, చీలమండలు బెణికేది ఎక్కువగా దిగేటప్పుడే. మగవాళ్ల బంతి 7వ నంబరు, ఆడవాళ్లది 6. గాలి సరిపోయిందో లేదో చూడాలంటే తల ఎత్తు నుంచి వదిలెయ్యి, నడుముకి కాస్త పైదాకా లేస్తే సరిపోయినట్టే.

రెండు వారాలయ్యాక రాయి. ఎడమచేతి లేఅప్ ఎలా ఉందో తప్పకుండా చెప్పు. పక్కనుంచి ఎవరిచేతైనా వీడియో తీయించి పంపితే నీ మోచెయ్యి ఎక్కడుంటోందో నేను చూసి చెప్తాను.

ఉంటాను మరి,
నీ నేస్తం