పాత గోడకు సిమెంటు పూయకండి

సంపాదకులు గారికి,

నమస్కారం. నేను విజయనగరంలో తాపీ పని చేసేవాణ్ణి. వానాకాలం వెళ్ళగానే మన జిల్లాలో పాత బడులు, సత్రాలు, గుడి ప్రాకారాలు, పెద్దల నాటి లోగిళ్ళు మరమ్మతుకొస్తాయి. గోడ పెచ్చులూడితే చాలు, ఉన్నదంతా చెక్కేసి సిమెంటు ప్లాస్టరింగు చేసేయడం రివాజైపోయింది. దాంతో గోడ బాగుపడదు, లోపల్నుంచి చెడుతుంది. సున్నంతో కట్టిన గోడకు సున్నమే పూయాలి. ఈ మాట ఇంజనీర్లకూ, కాంట్రాక్టర్లకూ, ఇళ్ళవాళ్ళకూ చేరాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

1713లో విజయనగరం కోట కట్టేనాటికి ఇప్పటి సిమెంటు ప్రపంచంలో ఎక్కడా లేదు. ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ దానికి పేటెంటు తీసుకున్నదే 1824లో. మన దేశంలో పోర్‌బందర్ ఫ్యాక్టరీ సిమెంటు తయారుచేయడం మొదలుపెట్టింది 1914లో. అంటే 1885 నాటి మన గంటస్తంభం వయసున్న ఇళ్ళను గానీ, ఆ తర్వాత ఒక తరం దాకా లేచిన వాటిని గానీ విప్పి చూస్తే, ఇటుకకూ ఇటుకకూ నడుమ దాదాపు అన్నిట్లోనూ ఉండేది సున్నమో మట్టో.

ఆ గోడలకు పునాది దగ్గర చెమ్మను ఆపే పొర ఉండదు. నేలలోని తడి ఇటుకల సన్నటి రంధ్రాల్లోంచి పైకి పాకుతుంది. పాత మేస్త్రీలకు ఇది తెలుసు. తడిని అడ్డుకోవాలని వాళ్ళు పెనుగులాడలేదు. వచ్చింది వచ్చినట్టు గాలికి ఆరిపోయేలా పైన సున్నం పూశారు. మట్టికుండకు ఒళ్ళంతా చెమ్మగిలి లోపలి నీళ్ళు చల్లబడతాయి చూడండి, ఆ గోడలూ అంతే. అలాంటి గోడ మీద సిమెంటు పూస్తే ఆవిరికి దారి మూసుకుపోతుంది. తడి లోపలే నిలిచి, బయటపడే చోటు వెతుక్కుంటూ ఇంకా పైకెక్కుతుంది. దాంతో వచ్చిన ఉప్పు పూత వెనకాల గడ్డకట్టి, పెరిగి, ఇటుకను లోపల్నుంచి పొడి చేస్తుంది. పైగా సిమెంటు బిర్రుగా ఉంటుంది. ఎండకూ వానకూ పాత గోడ కొంచెం సాగుతుంది, కొంచెం ముడుచుకుంటుంది. సున్నం దాంతో కలిసి కదులుతుంది, సిమెంటు కదల్లేక చీలుతుంది. ఆ చీలికలోంచి వాన నీళ్ళు లోపలికి పోతాయి గానీ ఆరడానికి వాటికి తోవ ఉండదు.

2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చాక భయంతో చాలామంది వాన కొట్టే గోడలకు సిమెంటు పూయించుకున్నారు. మా పేటలో ఒక పాత సత్రం ఉంది. హుద్‌హుద్ తర్వాత దాని వీధి గోడకు కింద నుంచి చూరు దాకా పూయించారు. ఈమధ్య దాన్ని చూడమని నన్ను పిలిచారు. బయటినుంచి చూస్తే గట్టిగానే ఉంది. వేలి కణుపుతో కొడితే డొల్ల మోత. లోపలివైపు, ఇంకా పాత సున్నమే ఉన్న పక్క, ఛాతీ ఎత్తున తెల్లటి ఉప్పు నూగు, దాని చుట్టూ తేనెరంగు మరక. బయట ఆరాల్సిన తడంతా గదిలోకి తిరుక్కుంది. ఉలి పెట్టి ఒక అంచు లేపితే అరచేతంత పెచ్చు ఇటుక పైపొరతో సహా ఊడొచ్చింది. వెనకున్న ఇటుకను గోరుతో గీకితే ఎర్రటి పొడి రాలింది. అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది దూలం. బయటికి కనపడే భాగం ఇప్పటికీ నిక్షేపంగా ఉంది. గోడలో కూర్చున్న కొసను పొడిచి చూస్తే సన్న ఉలి పిడి దాకా దిగిపోయింది. చీలికల్లోంచి దిగిన వాన అక్కడే నిలిచి ఆ కర్రను తినేసింది. అంతటి టేకు దూలం ఇప్పుడు ఎవరు తేగలరు? తెచ్చినా ఎవరు కొనగలరు?

సున్నం పని నేను గుంటడిగా ఉన్నప్పుడే పెద్దవాళ్ళ దగ్గర నేర్చుకున్నాను. రాతి సున్నం మీద నీళ్ళు పోస్తే బుసబుస ఉడికి విరుస్తుంది. ఆ వేడికి దగ్గర నిలబడలేం. చుక్క కంట్లో పడితే కన్నే పోవచ్చు, అందుకని పిల్లల్ని అటు రానిచ్చేవారు కాదు. విరిసిన సున్నాన్ని జల్లెడ పట్టి తొట్టిలో నీళ్ళ కింద నాననివ్వాలి. ఎంత నానితే అంత మంచి మాలు వస్తుంది. తర్వాత ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళు ఇసుక కలిపి గానుగలో తిప్పాలి. అదే డంగు సున్నం. గుండ్రటి కాలవ, అందులో రాతి చక్రం, దాన్ని లాగే ఎడ్లు ఉండేవి. ఇప్పుడు మోటారు గానుగలున్నాయి, ఎడ్లతో పనిలేదు. ఇసుక మాత్రం ఏటి ఇసుకే కావాలి, చంపావతిదైనా నాగావళిదైనా. దగ్గర కదా అని భోగాపురం తీరం ఇసుక తెచ్చి కలిపితే అందులోని ఉప్పే గోడకు చేటు. చెమ్మ ఎక్కువ తగిలే చోట బాగా కాలిన ఇటుక పొడి, మేం సుర్కీ అంటాం, అది కలిపితే సున్నం తడిలో కూడా గట్టిపడుతుంది. కరక్కాయ నానబెట్టిన నీళ్ళూ, బెల్లం నీళ్ళూ పోయడం మా పెద్దల పద్ధతి.

పూసేముందు గోడను బాగా తడపాలి, ఇటుకల సందుల్లో వదులైన మాలు గోకి తీసేయాలి. పల్చగా, పొర మీద పొరగా వేయాలి. బేగి ఆరిపోయిందంటే రుద్దగానే పొడి రాలుతుంది. అందుకే తడి గోనెలు వేలాడదీసి ఎండ తగలనివ్వకుండా నీళ్ళు చిలకరిస్తూ ఉండాలి. చివరి పొరకు నున్నటి సున్నం పట్టించి గులకరాయితో మెరుగుపెడితే ఆ గోడకు రంగు అక్కర్లేదు. సున్నం గట్టిపడేది నీళ్ళు ఆరిపోవడం వల్ల కాదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని అది మళ్ళీ సున్నపురాయిగా మారుతుంది. సుమారుగా నెలకు ఒక మిల్లీమీటరు లోతున జరిగే పని ఇది. కాంట్రాక్టర్లకు విసుగు పుట్టేది ఇక్కడే. సిమెంటైతే మర్నాటికి బిగుసుకుంటుంది, బిల్లు పెట్టుకోవచ్చు.

ఇదంతా పాత కట్టడాల ముచ్చటే అనుకోవద్దు. ఇప్పుడు కట్టే స్లాబు ఇళ్ళలోనూ ఇటుక గోడలకు లోపలివైపు సున్నం పూయించుకోవచ్చు. మన తీరం గాలిలో ఎప్పుడూ చెమ్మే. వానాకాలంలో బీరువా వెనక గోడ నల్లబడి బూజు పట్టడం ప్రతి ఇంట్లో చూస్తున్నాం. సున్నానికి క్షారగుణం ఉంది గనక బూజు అంత తేలిగ్గా పట్టదు, గదిలో చెమ్మను పీల్చుకుని మళ్ళీ వదిలేస్తుంది కూడా. కాంక్రీటు స్తంభాలకూ స్లాబు అడుక్కూ నున్నదనం వల్ల సున్నం నేరుగా అంటదు, గాట్లు పెట్టాలి. స్నానాలగది గోడల కింది భాగానికి అది పనికిరాదు. కొత్త ఇంటి బయటి గోడకు ఒకటి సిమెంటు, ఒకటి సున్నం, ఆరు ఇసుక కలిపిన మాలు వాడుకోవచ్చు. పాత గోడకు అదీ వద్దు. సున్నం పూసిన గోడ మీద పుట్టీ, ప్లాస్టిక్ పెయింటు పడ్డాయంటే మళ్ళీ ఆవిరికి తలుపులు వేసినట్టే. పండక్కి వెల్ల వేసుకోండి, అందులో కొంచెం నీలిమందు కలుపుకోండి, చాలు. ఇంకొక సంగతి: సున్నం బట్టీకి 900 డిగ్రీల సెగ చాలు, సిమెంటుకు 1,450 దాకా కావాలి. ఆ మేరకు కట్టెలూ బొగ్గూ మిగిలినట్టే కదా.

సున్నం పూసినంత మాత్రాన అన్నీ సర్దుకుంటాయని నేను చెప్పను. పెంకులు జారిపోయి పైనుంచి కారుతుంటే ముందు కప్పు బాగుచేయాలి. కాలవ నీళ్ళు గోడ మొదట్లో నిలుస్తుంటే వాటిని మళ్ళించాలి. చూరు పొడుగ్గా ఉండాలి. ఇవి చేయకుండా ఏది పూసినా దండగే.

అధికారులకు నా మనవి ఒకటే. పాత సర్కారు భవనాలకూ సత్రాలకూ వేసే అంచనాల్లో సున్నపు పూతను విడిగా చూపించి, దానికి తగిన రేటూ గడువూ ఇవ్వండి. అది నిబంధనల్లో లేదనడానికి వీల్లేదు. సున్నం నాణ్యతకు ఐఎస్ 712, సున్నపు పూత పనికి ఐఎస్ 2394 అని భారతీయ ప్రమాణాలున్నాయి. సున్నం దొరకదనడమూ నిజం కాదు, పల్నాడులో పిడుగురాళ్ళ బట్టీలు దానికే పేరుపడ్డాయి. కాకపోతే లారీ దిగగానే ఒక రాయి మీద నీళ్ళు పోసి చూడాలి. ఉడక్కపోతే అది గాలి తగిలి చచ్చిన సున్నం, తిప్పి పంపేయాలి. ఐటీఐల్లో తాపీ పని నేర్చుకునే పిల్లలకు ఈ పని చేతుల మీద చూపించడానికి నా ఈడు మేస్త్రీలు మన జిల్లాలోనూ శ్రీకాకుళంలోనూ ఇంకా ఉన్నారు. పిలిస్తే వస్తారు, నేనూ వస్తాను.

అంచనాలు శ్రావణంలోనే వేసుకుంటే కార్తీకానికి పని మొదలవుతుంది. కార్తీకం నుంచి మాఘం దాకా మన దగ్గర ఎండ మెత్తగా ఉంటుంది, సున్నానికి అదే అదను. మార్చి ఆఖరులోగా నిధులు ఖర్చవ్వాలని ఫాల్గుణంలో హడావిడిగా పూయించిన సున్నం ఆ ఎండకు గోడ మీద నిలవదు. అప్పుడు సున్నం పనికిరాదని పేరు పెట్టి మళ్ళీ సిమెంటు బస్తా విప్పుతారు. దయచేసి ఆ పని చేయకండి.

ఇట్లు,
ఒక తాపీ మేస్త్రీ,
విజయనగరం